కంతులు తీరేదాకా అద్దె ఇళ్ళలో

గుడియాత్తంలో మా ఇల్లు అమ్మేశాక, అదే ఊళ్ళో అద్దెకు ఇల్లు దొరకడం ఎంత కష్టమో మాకు తెలిసివచ్చింది. ఇళ్ళు లేక కాదు. తలుపుకు 'ఇల్లు అద్దెకు' అని అట్టముక్క వేలాడుతూనే ఉండేది. మేము వెళ్ళి అడిగేసరికి మాత్రం ఆ ఇల్లు నిన్ననే ఇంకెవరికో మాట ఇచ్చినట్టు తేలేది. రెండు వీధుల అవతల ఒకాయన సరేనన్నాడు, తాళం చెవి కూడా చేతిలో పెట్టాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి, "తప్పుగా అనుకోబాకప్పా, మా అల్లుడు వస్తా ఉండాడు" అని తాళం తీసుకుపోయాడు. ఆయనకు అల్లుడు లేడని ఆ వీధిలో అందరికీ తెలుసు.

నా భర్త ఇళ్ళు కట్టే మేస్త్రీ. నా మేనత్త కొడుకే, అందుకని చిన్నప్పటినుంచీ పిలిచినట్టే ఇప్పటికీ బావ అనే పిలుస్తాను. వాళ్ళ నాయనా మేస్త్రీయే, తాతా మేస్త్రీయే. నేను ఆంధ్రాలో పలమనేరు పక్క పల్లెనుంచి ఈ తమిళనాడుకు వచ్చినదాన్ని. అక్కడ తెలుగు బళ్ళో చదువుకున్నాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. బావకు తెలుగు మాట్లాడటమే వచ్చు. రాయాలంటే అరవమే.

చిన్న చిన్న ఇళ్ళు కడుతున్నన్నాళ్ళు మాకే ఇబ్బందీ లేదు. ఒక పెద్దాయన కల్యాణమండపం పని ఇచ్చాడు. నమ్మదగిన మనిషే. ముందు ఇనుమూ సిమెంటూ నువ్వు తెప్పించు, తరువాత లెక్క చూసుకుందాం అన్నాడు. బావ మా ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చాడు. పైకప్పు పడకముందే ఆ పెద్దాయన పోయాడు. కొడుకులు ఆస్తి కోసం కోర్టుకెక్కారు. మాకు రావాల్సిన డబ్బు ఎవరివ్వాలన్నది వాళ్ళ తగాదాలో ఎవరికీ పట్టని మూల. ఆ స్తంభాలు ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నాయి.

వడ్డీ పెరిగి, నోటీసులు వచ్చి, చివరికి వేలూరు కోర్టులో జరిగిన లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. మేము ఇల్లు అమ్మి పెద్ద భాగం ఒకేసారి కట్టాలి. వాళ్ళు వడ్డీలో చాలామటుకు తగ్గిస్తారు. మిగిలింది వాయిదాల్లో, నెలకొక కంతు చొప్పున కట్టుకుంటూ పోవాలి. వరసగా రెండు కంతులు తప్పితే ఒప్పందం చెల్లదు, తగ్గించిన వడ్డీ అంతా తిరిగి నెత్తిన పడుతుంది. ఇష్టపడే ఒప్పుకుంటున్నారా అని జడ్జిగారు అరవంలో అడిగారు. బావ తలూపి అరవంలో సంతకం పెట్టాడు. నేను తెలుగులో పెట్టాను. గుమాస్తా నా సంతకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇదేందమ్మా, జాంగిరీ చుట్టినట్టుండాది" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు నవ్వింది అదొక్కసారే.

గుడియాత్తంలో దొరకకపోయేసరికి వేలూరులో వెతకడం మొదలుపెట్టాం. బావకు అక్కడ అపార్టుమెంట్ల పని దొరికింది. సొంతంగా కాదు, ఇంకొక కంట్రాక్టరు కింద కూలికి. ఎండాకాలం. వేలూరు ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. నేనూ మా అత్తా బస్సు దిగి, వీధి వీధీ తిరిగి, మేడల మీద బోర్డులు చూసి, మెట్లెక్కి దిగేవాళ్ళం. ఏం పని, ఎంతమంది, నీచు తింటారా, నీళ్ళు ఎక్కువ వాడతారా, ఏ కులం, ఇన్నాళ్ళూ యాడున్నారు, అక్కడినుంచి ఎందుకు వచ్చేశారు. చివరి ప్రశ్న దగ్గర నేను మా అత్తవైపు చూసేదాన్ని. దాని తరువాత అడ్వాన్సు. ఇక్కడ అడ్వాన్సంటే పది నెలల అద్దె ఒకేసారి చేతిలో పెట్టాలి. మా అత్త ఒకరోజు మాతో చెప్పకుండా వెళ్ళి తన చెవుల కమ్మలు అమ్ముకొని వచ్చింది. బోసి చెవులతో గడపలో నిలబడి, "ఈ వయసులో నాకు బరువుమా అవి" అంది.

అప్పటికి ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. పెట్టింది బావ. "కోర్టు సంగతి యాడా ఎత్తొద్దు. మన కంతు మనం కడతాం. ఓనరుకేం పని?" అన్నాడు. నాకు అది నచ్చలేదు. నచ్చిందని కూడా చెప్పాలి, ఎందుకంటే ఎండలో తిరిగి తిరిగి నా కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

వేలూరులోనే తొరపాడిలో మేడమీద ఇల్లు దొరికింది. కింద ఓనరమ్మ ఒక్కతే ఉండేది. భర్త పోయాడు, కొడుకు మద్రాసులో ఉద్యోగం. మేము మాట్లాడుకుంటుంటే విని, ఆమె మొహం విప్పారింది.

"మీరు తెలుగోళ్ళా? మేమూ అంతే గదా! మాది నెమిలి పక్కమా. ఇంట్లో అంతా తెలుగే. అచ్చరం ముక్క మాత్రం రాదు" అంది. మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. అన్నీ అడిగింది, కానీ చుట్టం అడిగినట్టు అడిగింది. అడుగుతూ అడుగుతూ, "గుడియాత్తంలో సొంతిల్లు ఉండాదా?" అంది.

నేను గ్లాసులోకి చూస్తున్నాను. బావ తడుముకోకుండా, "ఉండాదమ్మా. బాడిగకిచ్చినాము" అన్నాడు.

అబద్ధం చెప్పకుండా ఊరుకోవడం వేరు, ఇది వేరు. మెట్లు దిగుతూ ఆయన చొక్కా పట్టి లాగాను. "ఏంది బావా అది?" అంటే, "నోట్లో వచ్చేసింది మే" అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మా అత్త మా ఇద్దరినీ దాటుకొని ముందు దిగిపోయింది.

ఆ మేడమీద నేను ఒక్క పూట కూడా కుదురుగా లేను. ఇల్లు మంచిదే. గాలి వచ్చేది, నీళ్ళకు కొరత లేదు. కానీ కింద గేటు గొళ్ళెం చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలేసి పిట్టగోడ దగ్గరకు పరుగెత్తేదాన్ని. పాలవాడు. ఇంకోసారి గ్యాసు. ఇంకోసారి ఎవరో ఇల్లు తప్పి వచ్చినవాళ్ళు. ఫోను మోగితే నంబరు చూడనిదే ఎత్తేదాన్ని కాదు, మోగకపోతే ఎందుకు మోగలేదా అని చూసుకునేదాన్ని. సామాను ఒక గోడకు సర్దేదాన్ని, రెండు రోజులకు ఇంకో గోడకు జరిపేదాన్ని. గుడియాత్తంలో నేను జాకెట్లు కుట్టి బాగానే సంపాదించేదాన్ని. ఇక్కడ కూడా కుడితే కంతుకు ఆసరా అవుతుంది. కానీ గేటుకు బోర్డు కట్టాలంటే భయం. బోర్డు చూసి నలుగురు వస్తారు, నలుగురిలో ఒకరు గుడియాత్తం వాళ్ళు కావచ్చు.

మా కూతురు అప్పుడు తొమ్మిదో తరగతి. కొత్త బళ్ళో స్నేహితురాలిని ఇంటికి తీసుకువస్తానంటే నేను వద్దన్నాను. కారణం చెప్పలేదు. అది కాసేపు నన్నే చూసి, "మనం ఈడ దాంకోని ఉండామా మా?" అని అడిగింది. పిల్లలు అలాంటి మాటలు అన్నం తింటూ అడిగేస్తారు. నేను పులుసు వడ్డించి లేచిపోయాను.

అన్నిటికన్నా కష్టం ఓనరమ్మ మంచితనం. ఆమెకు భజన పాటలు ఇష్టం. తెలుగు పాటలే, అరవ అక్షరాల్లో రాసుకొని పాడేది. అరవంలో 'గ'కూ 'క'కూ ఒకటే అక్షరం కదా, పదాలు కొన్ని తిరగబడేవి. నన్ను పిలిచి, "ఇది సరిగ్గా ఎట్లమా అనాల?" అని అడిగేది. నేను చెప్తే పిల్లలా తిరిగి తిరిగి పలికేది. మధ్యలో ఆగి, "మీ గుడియాత్తం ఇంట్లో ఉండేవాళ్ళు బాడిగ సరిగ్గా ఇస్తా ఉండారా?" అనేది. నేను 'ఆఁ' అనే శబ్దం ఒకటి చేసేదాన్ని. అది అవునో కాదో ఆ దేవుడికే తెలియాలి. ఒకసారి నిజం చెప్పేద్దామని మెట్ల దాకా వచ్చాను. ఆమె పక్కింటావిడతో ఎవరి గురించో, "అప్పు జేసి ఊరు మార్చినారంటనే" అని చెప్తోంది. మేము కాదు, వేరే ఎవరో. అయినా నేను తిరిగి పైకి వచ్చేశాను.

వానాకాలంలో బావ పనిచేసే చోట బిల్లు ఆగింది. కూలి వారాలు వారాలు నిలబడిపోయింది. ఆ నెల అద్దె కట్టాం, కంతు కట్టలేకపోయాం. అద్దె తప్పితే ఓనరమ్మ మొహం ఎదురుగా ఉంటుంది, కంతు తప్పితే కొన్నాళ్ళ దాకా ఎవరూ కనబడరు. అందుకే అట్లా చేశాం. బ్యాంకు నుంచి ఫోన్లు వచ్చాయి. బావ ఎత్తలేదు. నన్నూ ఎత్తొద్దన్నాడు.

వాన తెరిపిచ్చి ఎండ కాసిన ఒక మధ్యాహ్నం ఓనరమ్మ గేటు దగ్గర చాపమీద వడియాలు పెడుతోంది. నేను పైన బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. గొళ్ళెం చప్పుడు విని పిట్టగోడ దగ్గరకు వెళ్ళాను. చంకలో సంచీ పెట్టుకొని ఒకతను నిలబడి ఉన్నాడు. బావ పేరు చెప్పి, ఇక్కడేనా ఉండేది అని అడుగుతున్నాడు. అరిచి అడగలేదు, మర్యాదగానే అడిగాడు. కాకపోతే గొంతు పెద్దది. "లోక్ అదాలత్ కేసు, కంతు తప్పింది, ఫోను ఎత్తడం లేదు" అన్న మాటలు వీధి చివరకు వినబడి ఉంటాయి. నేను మెట్లు ఎలా దిగానో గుర్తులేదు. దిగి చూస్తే చేతిలో ఇంకా మా అమ్మాయి యూనిఫాం చొక్కా ఉంది.

రెండో కంతు గడువు లోపల రెండూ కలిపి కట్టేయకపోతే ఒప్పందం పోతుందని అతను చెప్పాడు. సరే అన్నాను. వెళ్ళిపోయాడు. ఓనరమ్మ పిండి చేత్తోనే కూర్చొని ఉంది. నన్ను చూడలేదు. చాపమీద వడియం పెట్టింది, పక్కన ఇంకొకటి పెట్టింది. నేను ఏదో చెప్పబోయాను. "మీ ఇంటాయన రానీలేమా" అంది.

సాయంత్రం బావ వచ్చాక ఇద్దరం కిందికి వెళ్ళాం. బావ అంతా చెప్పాడు, మండపం సంగతి నుంచీ. ఆమె మధ్యలో అడ్డురాలేదు. అంతా అయ్యాక బావను కాకుండా నన్ను చూసి మాట్లాడింది.

"అప్పుండేది తప్పు కాదుమా. మా ఇంటాయనా బోరెయ్యాలని అప్పు జేసినాడు, నేను జూడంది కాదు. కానీ ఇల్లుండాది అన్నారే, అదే నాకు బాధ. లేని ఇంటిని ఉండాదని చెప్పినోళ్ళు ఇంగేమేం చెప్పినారో నాకెట్ల తెలుస్తాది? ఒక్కదాన్నే ఉండే ఇల్లు ఇది."

నేను తలొంచుకొని ఉండాల్సింది. ఉండలేకపోయాను. "చెప్పుంటే ఇచ్చుంటారా అమ్మా?" అని అడిగేశాను.

ఆమె నిజంగానే ఆలోచించింది. తరువాత, "ఇచ్చుండను" అంది. ఆ మాట అన్నందుకు ఆమె మీద నాకు కోపం రాలేదు. అప్పటిదాకా మాకు ఎవరూ అంత నిజాయితీగా జవాబు చెప్పలేదు.

నెలాఖరు దాకా గడువిచ్చింది. కొడుకు ఫోనులో వెంటనే పొమ్మనమన్నాడట, ఆమే ఒప్పించింది. అడ్వాన్సులో ఒక్క పైసా పట్టుకోకుండా ఇచ్చేస్తానంది. ఇక్కడ ఖాళీ చేసేటప్పుడు సున్నానికని కొంత పట్టుకోవడం అలవాటు, అది కూడా వద్దంది. కానీ బావ వినలేదు. ఆదివారం నాడు బకెట్టూ బ్రష్షూ తెచ్చి, సామాను మధ్యకు లాగి, గోడలకు సున్నం కొట్టడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

"పొమ్మన్న ఇంటికి నువ్వు సున్నం కొట్టేదేంది బావా? నీ పనిదినం పోతా ఉండాది."

"ఈ రోజు పనెక్కడుండాది మే? మేకులు కొట్టింది మనమే గదా."

"ఆమె అడగలా."

"ఆమె అడగలేదనే కొడతా ఉండా."

మధ్యలో ఓనరమ్మ కాఫీ తెచ్చింది. గడపలోనే నిలబడి కాసేపు చూసింది. వెళ్ళిపోతుందనుకున్నాను. "ఆ మూలన ఇంగో కోటు పడాలప్పా" అంది. బావ, "పడతాదమ్మా, ఆరనీండి" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకొని, నవ్వో ఏడుపో తెలియనిదేదో కానిచ్చాను.

ఓనరమ్మ ముందుగానే తిరిగి ఇచ్చిన అడ్వాన్సులో రెండు కంతులు పోయాయి. మిగిలిన దాంతో మా అత్త కమ్మలు కొందామన్న మాట కూడా ఎత్తలేకపోయాం, బళ్ళో ఫీజు బాకీకీ, కూలి ఆగిన వారాల్లో చేసిన చేబదుళ్ళకూ అదీ అయిపోయింది. ఒప్పందం నిలబడింది. ఇల్లు మాత్రం లేదు, ఇల్లు తీసుకోవడానికి అడ్వాన్సూ లేదు. నెలాఖరు తరుముకొస్తోంది. కాట్పాడి పక్క చూశాం, కాగితపట్టరై చూశాం. అడ్వాన్సు లేదనగానే మాట అక్కడే తెగిపోయేది.

బావతో పనిచేసే ఒకతను లత్తేరిలో సగం కట్టి ఆపేసిన ఇల్లుందని చెప్పాడు. బావకు కూలి ఆగినా పని మానడానికి లేదు, అందుకని నేనూ మా అత్తా కాట్పాడిలో రైలెక్కి లత్తేరిలో దిగాం. స్టేషను దాటి, మామిడితోట పక్కగా నడిచి వెళ్ళాం. దారిలో మా అత్త ఉన్నట్టుండి ఆగి, "ఈసారి నువ్వు నోరు మెదపొద్దు. నా కొడుకు తెలివి చూస్తిమి, నీ తెలివీ చూస్తిమి" అంది.

ఇల్లంటే నాలుగు ఇటుక గోడలూ, పైన స్లాబూ. లోపలా బయటా సిమెంటు పూత లేదు, నేలకు కాంక్రీటు తప్ప ఏమీ లేదు. ఒక గదికి కిటికీ రెక్కలు లేక గోనెసంచీ కట్టారు. పక్కనే పాత పెంకుటింట్లో ఓనరూ ఆయన భార్యా వేరుసెనక్కాయలు ఒలుస్తున్నారు. సేద్యం చేసే మనుషులు, తెలుగువాళ్ళే. మా అత్త వాళ్ళెదురుగా కింద కూర్చొని, పలకరింపులైనా పూర్తికాకముందే మొదలుపెట్టింది.

"నాయనా, ముందే చెప్పేస్తా, ఆమీద మీ ఇష్టం. నా కొడుకు మేస్త్రీ. బ్యాంకులో అప్పు జేసి మునిగిపోయినాడు. ఇల్లు అమ్మేస్తిమి. మిగిలింది కోర్టులో ఒప్పుకొని నెలనెలా కడతా ఉండాము. ఇంగా రెండేండ్ల పైన ఉండాది. చేతిలో అడ్వాన్సు లేదు. బాడిగ ఇస్తాము. ఇల్లు ఇస్తారా, ఈరా?"

ఓనరు చేతిలో కాయ చిట్లించకుండా అలాగే పట్టుకున్నాడు. "అడ్వాన్సు లేకుండా ఎట్లమా? రేపు మీరు బాడిగ ఈకపోతే నేనేం జేసేది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

ఆయన భార్యకు వేరే సందేహం ఉంది. "బ్యాంకోళ్ళు ఇంటికాడికి వస్తారా?" అంది.

"కంతు తప్పితే వస్తారు" అంది మా అత్త.

"వచ్చి?"

"అడగతారు. పోతారు. నీళ్ళిస్తే తాగి పోతారు."

ఆవిడ పకపకా నవ్వింది. ఓనరు నవ్వలేదు. ఇల్లు ఎందుకు ఆగిందో చెప్పడం మొదలుపెట్టాడు. కూతురి పురుడు ఆసుపత్రిలో కష్టమై, ఇంటికని దాచింది అటు పోయిందట. ఇప్పుడు పూత పూయించాలంటే మేస్త్రీకీ కూలీలకూ ఇచ్చుకోలేడు. ఆ మాట ఆయన నోట్లోంచి రావడం, మా అత్త అందుకోవడం ఒక్కసారే జరిగాయి. "సిమెంటూ ఇసకా నువ్వు దించు నాయనా. పూత నా కొడుకు పూస్తాడు. అదే మా అడ్వాన్సు." ఓనరు భార్యవైపు చూశాడు. ఆవిడ ఒలిచిన గింజలు మా అత్త ఒళ్ళో పోసింది. తిరుగు రైల్లో అత్త ఆ గింజలు తింటూ, "చూస్తివా?" అంది. నేను చూశాను. ఆమె నా చేతిలోనూ కొన్ని పోసింది.

అలా లత్తేరికి వచ్చాం. మొదటి నెలలు తడి సిమెంటు వాసనలో బతికాం. బావ వారమంతా వేలూరులో పని, ఆదివారం ఇంట్లో పని. నేనూ అత్తా ఇసకా సిమెంటూ మాలు కలిపి అందించేవాళ్ళం. అత్త తన పెళ్ళికి ముందునుంచీ తట్టలు మోసిన మనిషి, నాకే కొత్త. రోజూ పూత గోడలకు నీళ్ళు చల్లేదాన్ని. పక్కనే పట్టాలమీద బండి పోతే గిన్నెలు కదిలేవి. ఇక్కడైనా నాకు నెమ్మది దొరకాల్సింది. దాచేదేమీ లేదు, వీళ్ళకు అన్నీ తెలుసు. అయినా కంతు గడువు దగ్గరపడితే దాచిన డబ్బు తీసి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టేదాన్ని. కట్టి రసీదు చూశాక ఒక పూట హాయిగా ఉండేది. సాయంత్రానికి వచ్చే నెల మొదలయ్యేది.

ఇక్కడ వేరే గొడవ వచ్చింది. ఇంటి పూత అయిపోయింది, నేల అయిపోయింది. ఓనరు పశువుల కొట్టానికి నేల వేయమన్నాడు. బావ వేశాడు. బట్టలుతికే బండ పెట్టమన్నాడు. పెట్టాడు. తరువాత ప్రహరీగోడ అన్నాడు. అప్పున్న మనిషికి కాదనే గొంతు ఉండదని నాకు అప్పుడే అర్థమైంది. ఆదివారం పొద్దున బావ కళ్ళు తెరవలేక తెరిచి, బయటికి వెళ్ళబోతుంటే నేను అడ్డం వచ్చి, ఆయన కన్నా ముందు ఓనరు దగ్గరకు వెళ్ళాను.

"అన్నా, అడ్వాన్సుకని ఒప్పుకున్న పని ఎప్పుడో అయిపోయింది. కొట్టమూ బండా ఊరికే జేసినాడు. గోడ కావాలంటే కూలి ఈండి."

ఆయన మొహం ముడుచుకుపోయింది. "ఇల్లు లేకుండా వచ్చినప్పుడు నేనట్ల లెక్కలు జూసినానా?" అన్నాడు. ఆ మాట సూటిగా తగిలింది. తగిలినా కదల్లేదు. "చూడలా అన్నా. అందుకే ఇన్నాళ్ళూ మేమూ చూడలా" అన్నాను. పొమ్మంటాడని, మళ్ళీ సామాను కట్టాలని, మళ్ళీ ఎండలో మెట్లెక్కాలని కళ్ళముందు కనబడుతూనే ఉంది. కొన్నాళ్ళు ఆయన మాతో మాట్లాడలేదు. ఆయన భార్య మాత్రం ఒక సాయంత్రం చింతపండు తెచ్చి ఇచ్చి, "ఆయన అట్లనేమా, ఎవరైనా నిలపమంటేగాని నిలపడు. నువ్వడిగింది మంచిదే అయ్యింది" అంది. గోడ కూలికే కట్టించుకున్నాడు. బావ చేతే.

నేను జాకెట్లు కుట్టడం మళ్ళీ మొదలుపెట్టాను. రైల్లో వేలూరు వెళ్ళే టీచర్లు, నర్సులు ఇచ్చి పోయేవాళ్ళు. రెండు నెలలు తిరిగేసరికి ప్రతి కంతులో సగం నా కుట్టుమిషనే కట్టేది. ఇంకోసారి బ్యాంకు మనిషి రాలేదు. రావాల్సిన అవసరం పడలేదు.

చివరి కంతు కట్టాక, అప్పు తీరినట్టు బ్యాంకువాళ్ళు ఇచ్చిన కాగితం తీసుకొని బావ మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. పండగలా ఉంటుందనుకున్నాను. ఆయన కాళ్ళు కడుక్కొని, అన్నం తిని, పూతగోడ పక్కన చాప వేసుకొని సాయంత్రం దాకా పడి నిద్రపోయాడు. ఎప్పుడూ పగలు పడుకోని మనిషి. నేను మిషను ముందు కూర్చున్నానే గాని కుట్టలేకపోయాను. లేచి వాకిట్లోకి వెళ్ళి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. ఇన్నేళ్ళు భయపడటానికి ఒక తేదీ ఉండేది. ఇప్పుడు అది లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అయింది.

అప్పు తీరితే అన్నీ తీరినట్టు కాదని కూడా తెలిసింది. మా అమ్మాయి పన్నెండో తరగతి ముగించి నర్సింగు చదువుతానంది. చదువు అప్పు కోసం ఇంకో బ్యాంకుకు వెళ్ళాం. అక్కడి అమ్మాయి కంప్యూటరు చూసి, మీరు పూర్తిగా కట్టినట్టు కాదు, రాజీ పడి తగ్గించుకొని కట్టినట్టు ఉంది, కొన్నేళ్ళ దాకా అప్పు రావడం కష్టం అని మెల్లగా చెప్పింది. బావ మొహం చూడలేకపోయాను. మా అమ్మాయి మాత్రం తిరుగు దారిలో, "నర్సింగు తప్ప చదువే లేదా నాయనా?" అని ఆయన చేయి పట్టుకుంది. గుడియాత్తంలో గవర్నమెంటు కాలేజీలో చేరింది. రోజూ లత్తేరిలో రైలెక్కి, మేము మొహం చెల్లక వదిలివచ్చిన ఊరికి వెళ్తుంది. మొదటిరోజు దాని కోసం స్టేషనుకు ఎదురు వెళ్ళాను. ఎవరేమన్నారో, ఎవరు గుర్తుపట్టారో అని పొద్దుటినుంచీ కాలుకాలిన పిల్లిలా తిరిగాను. అది దిగి సంచీ నా చేతికిచ్చి, "ఆడ ఎవురూ ఏమీ అడగలేదు మా. మన కథ ఎవురికి గుర్తుంటాది?" అంది. సంతోషించాలి. నాకు ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఎవరికోసం దాక్కున్నామని.

మొన్న ఓనరు కొత్త అగ్రిమెంటుకని వచ్చాడు. పదకొండు నెలలకు రాసుకుందాం, బాడిగ కొంచెం పెంచుతా అన్నాడు. ఇల్లు ఇప్పుడు చూడముచ్చటగా ఉంది, ఎవరైనా అంతకన్నా ఎక్కువే ఇస్తారు. బావ నావైపు చూశాడు. ఉందామా, పోదామా అని ఆ చూపు. ఈ మధ్య ఎక్కడో చిన్న స్థలం ఉందని ఆయన నానుస్తున్నాడు. ఆ మాట ఎత్తితే నేను మిషను తొక్కడం మొదలుపెడతాను. ఎక్కడైనా ఉంటామని గట్టిగా చెప్పడం నాకు ఇంకా రాలేదు. మా అత్తే మంచంమీదనుంచి లేచి కూర్చుంది.

"పూసిన గోడకు బాడిగ పెంచుతావా నాయనా? పూసినోడు యాడనుంచి వచ్చినాడు?"

"అదిగాదుమా, ధరలన్నీ..."

"ధరలు నాకూ తెలుసు. పెంచేదాంట్లో సగం చెప్పు."

ఓనరు భార్య గుమ్మంలోనుంచి, "ఆమె చెప్పినట్టే రాసెయ్యరాదా, పొద్దు పోతా ఉండాది" అని కేకేసింది. ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. పదకొండు నెలలకు బావ సంతకం పెట్టాడు, నేనూ పెట్టాను. పదకొండు నెలల తరువాత సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను మిషను దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను. రెండు కుట్లు వేశానో లేదో వాకిట్లో గొళ్ళెం చప్పుడైంది. లేచి చూస్తే ఎవరూ లేరు, ఓనరు పోతూ పోతూ వేసిన గొళ్ళెమే.